పర్లాకిమిడిలో ఈ లెక్కల ట్యూషన్‌కి మా వాణ్ణి ఎందుకు పంపుతున్నానంటే

మా వాడు ప్లస్ టూ మొదటి సంవత్సరం. సెలవులంతా ఫోన్‌లో వీడియోలు చూసి, గతంలోకి వెళ్లొచ్చని లెక్కల్లో తేలిపోయింది నాన్నా అని ఒకటే వాదన, నాకేమో జవాబు చెప్పడం రాదు. ట్యూషన్‌లో చేర్చిన రోజు నేనూ అరుగు మీద కూర్చున్నాను, వాడు మాస్టారిని మొదట అడిగింది అదే.

ఆయన కొట్టిపారేయలేదు. బోర్డు మీద పదో తరగతి లెక్క వేశారు. పెరడు పొడవు వెడల్పు కంటే 7 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 60 చదరపు మీటర్లు, వెడల్పెంత? పిల్లలు 5, మైనస్ 12 అని రెండూ తేల్చి, మైనస్ 12 కొట్టేశారు.

"ఎందుకు కొట్టేశారర్రా? సమీకరణానికి రెండూ సరిపోయాయిగా?"

మా వాడు కాసేపు నసిగి, "పెరడు అలా ఉండదు కదండీ" అన్నాడు.

"ఆ సంగతి సమీకరణం చెప్పిందా, పెరడు చెప్పిందా?"

అక్కడితో ఆపేసినా ఫీజు కట్టేవాణ్ణే. కానీ ఆయన భౌతిక శాస్త్రవేత్త డిరాక్ కథ ఎత్తుకున్నారు. 1928లో డిరాక్ రాసిన ఎలక్ట్రాన్ సమీకరణంలోనూ ఇలాగే మైనస్ శక్తి ఉన్న జవాబులు వచ్చాయి, ఆయన వాటిని కొట్టేయలేదు, 1931లో ఎలక్ట్రాన్‌కి సరిజోడు, ప్లస్ ఛార్జి ఉన్న కణం ఉండొచ్చన్నాడు. మరుసటి ఏడే ఆండర్సన్ అనే ఇంకో శాస్త్రవేత్త, కణాలు పోయిన దారులకి తీసిన ఫొటోలో ఆ కణం దొరికింది. మాస్టారు ఆ ఫొటోలో, అయస్కాంతం వల్ల వంగిన ఆ కణం గీతని ఎంత శ్రద్ధగా వేశారో: మధ్యలో సీసం పలక, దాన్ని దాటాక శక్తి తగ్గి వంపు ఇంకా పెరిగింది, అందుకే అది ఎటు నుంచి ఎటు పోయిందో తెలిసింది, ఎలక్ట్రాన్ అయితే ఆ వంపు రెండో వైపుకి ఉండేది. ఫొటో పడేదాకా అది కాగితం మీద జవాబే.

తర్వాత ఖగోళ శాస్త్రవేత్త లెవెరియే సంగతి చెప్పారు. ఆయన 1846లో లెక్క వేసి చెప్పిన చోటికి దగ్గరలోనే నెప్ట్యూన్ గ్రహం దొరికింది. ఆయనే 1859లో బుధుడి నడకలో తేడా చూసి ఇంకో గ్రహం ఉందన్నాడు, అది లేనే లేదు, ఆ తేడా ఎందుకో 1915లో ఐన్‌స్టీన్ చెప్పేదాకా తెలియలేదు.

మరి మా వాడి ప్రశ్న? 1949లో గోడెల్ అనే లెక్కల పండితుడు ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సమీకరణాలకి, గతంలోకి వెళ్లగలిగే జవాబు నిజంగానే చూపించాడట, కానీ అందులో విశ్వమంతా గుండ్రంగా తిరుగుతుండాలి, మనది అలా తిరుగుతున్నట్టు ఎక్కడా కనబడలేదు. "లెక్కలో తప్పు లేదురా, ఆ పెరడు మనది కాదు" అన్నారు మాస్టారు. మా వాడు ఇంటికొచ్చి వాళ్లమ్మకి మొత్తం మళ్లీ చెప్పాడు, అన్నం చల్లారిపోయింది.

లోటు లేకపోలేదు. సిలబస్ నెమ్మదిగా సాగుతుంది, వారం వారం టెస్టులు ఉండవు, పరీక్షల ముందు మనకి టెన్షన్ తప్పదు. గది ఇరుకు, వానొస్తే అరుగు మీద పిల్లలు తడుస్తారు. కానీ ఇంతకుముందు వేరేచోట ఏడాదంతా ఫార్ములాలు బట్టీ పట్టాడు, ఒక్క ప్రశ్నా అడగలేదు. ఇక్కడ తెలుగులో చెబుతారు, పరీక్షలో రాయాల్సిన ఇంగ్లీషు మాట పక్కనే రాయిస్తారు, పాతపట్నం నుంచి కూడా పిల్లలొస్తున్నారు. నెలకి 700. సాయంత్రం బ్యాచ్ నిండిపోయింది, పొద్దున్న ఆరింటి దాంట్లో అయితే ఇంకా చోటుంది.