జాగ్రత్త: ‘8 బ్యాండ్ గ్యారంటీ’ ఇడియమ్స్ ప్యాక్ కొనే ముందు ఇది చదవండి

ఐఈఎల్టీఎస్‌కి (విదేశాల్లో చదువుకోవాలనుకునేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష, అందులో వచ్చే మార్కునే బ్యాండ్ అంటారు) సిద్ధమవుతున్న పిల్లలూ, వాళ్ల కోసం డబ్బు కడుతున్న తల్లిదండ్రులూ దయచేసి పూర్తిగా చదవండి. ఇంగ్లిష్ ఇడియమ్స్ (పదబంధాలు) ప్యాక్ ఒకటి ‘8 బ్యాండ్ గ్యారంటీ’ అంటూ ఈమధ్య ఫోన్లో తెగ ప్రకటనలు ఇస్తోంది. పీడీఎఫ్‌లు, వీడియోలు కలిపి రూ.1,499. మా అక్క తన కొడుకు కోసం కొన్నది. నేను జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెబుతాను. వాడికి ఒక అధ్యాయం మీద అనుమానం వచ్చి నాకు పంపాడు. చదివాక నిజంగా బాధేసింది, కోపమూ వచ్చింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఇదే సరుకు రేపు వేరే పేరుతో వచ్చినా మీరు గుర్తుపట్టాలి కదా, అందుకే లోపల ఏముందో చెబుతున్నాను.

ఆ అధ్యాయం పేరు ‘విలువ లేనివాటిని వర్ణించే పదబంధాలు’. మొదటి పేజీలోనే ‘ఇన్‌వాల్యుబుల్’, ‘ప్రైస్‌లెస్’ ఉన్నాయి. రెండింటికీ ‘విలువ లేనిది’ అని అర్థం రాశారు! నిజానికి రెండూ వెల కట్టలేనంత గొప్పది అని చెప్పే మాటలు. విలువ లేదనడానికి ‘వర్త్‌లెస్’, ‘వాల్యూలెస్’ ఉన్నాయి. ‘మై టీచర్స్ హెల్ప్ వాజ్ ఇన్‌వాల్యుబుల్’ అనే ఉదాహరణ కింద ‘మా టీచర్ సాయం ఎందుకూ పనికిరాలేదు’ అని తెలుగు ఇచ్చారు. దీన్ని బట్టీపట్టిన పిల్లవాడిని రేపు యూనివర్సిటీలో ప్రొఫెసర్ ‘యువర్ హెల్ప్ వాజ్ ఇన్‌వాల్యుబుల్’ అని మెచ్చుకుంటే ఏమనుకుంటాడో ఊహించండి. తనను తిట్టారనే అనుకుంటాడు, తప్పు వాడిది కాదు.

తర్వాతది ‘ఎ డైమ్ ఎ డజన్’. దీనికి ‘చాలా చవక’ అని రాసి, టమాటాల ధర మీద వాక్యం ఇచ్చారు. డైమ్ అంటే అమెరికాలో పది సెంట్ల నాణెం. డజను పది సెంట్లకే వస్తుందన్న మాట నుంచి పుట్టినా, ఇవాళ ఆ పదబంధాన్ని ధర చెప్పడానికి వాడరు. ఎక్కడ చూసినా దొరుకుతాయి, ప్రత్యేకత ఏమీ లేదు అని తీసిపారేయడానికి వాడతారు. మనుషుల మీద వాడితే అది ఇంకా గుచ్చుకుంటుంది. ‘మా ఊళ్లో ఇంజినీర్లు ఎ డైమ్ ఎ డజన్’ అని ఎవరైనా ఇంటర్వ్యూలో అంటే, ఎదురుగా కూర్చున్న ఇంజినీరుకు ఎలా ఉంటుంది? బ్రిటన్‌లో ఇదే భావానికి ‘టూ ఎ పెన్నీ’, ‘టెన్ ఎ పెన్నీ’ అంటారు. ప్యాక్ తయారుచేసినవాళ్లు రెండు దేశాలనూ కలిపేసి ‘ఎ డైమ్ ఎ పెన్నీ’ అని కొత్తది పుట్టించారు. అలాంటి పదబంధం ఇంగ్లిష్‌లో లేదు.

‘ఫర్ వాట్ ఇట్స్ వర్త్’ కూడా పనికిమాలినవాటి జాబితాలోకే వెళ్లింది. అది అణకువతో సలహా చెప్పే మాట: ‘మీకు ఉపయోగపడుతుందో లేదో గానీ, నాకు తోచింది ఇది’ అనే ధోరణి. ‘నథింగ్ టు రైట్ హోమ్ అబౌట్’కి ‘ఇంట్లో చెప్పకూడని రహస్యం’ అని రాశారు. దాని అర్థం మామూలుగా ఉంది, గొప్పగా చెప్పుకోవాల్సింది ఏమీ లేదు అని. ‘వైట్ ఎలిఫెంట్’ని ఏకంగా అరుదైన సంపద చేసేశారు. సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజులు తమకు గిట్టని కొలువుదారులకు తెల్ల ఏనుగును బహుమతిగా ఇచ్చేవారని, దాన్ని మేపలేక వాళ్లు చితికిపోయేవారని ఒక కథ ఉంది. అందుకే పెట్టుబడి, నిర్వహణ ఖర్చు తడిసి మోపెడై, ప్రయోజనం మాత్రం లేని కట్టడాన్నో పథకాన్నో ఇంగ్లిష్‌లో అలా అంటారు. పరీక్షలో ‘మా ఊరి కొత్త లైబ్రరీ వైట్ ఎలిఫెంట్’ అని మెచ్చుకోలుగా చెప్పే పిల్లవాడు ఆ లైబ్రరీని దండగమారి ఖర్చు అని తిట్టినట్టవుతుంది.

ఎప్పుడో వాడుక తగ్గిపోయినవాటిని ‘నేటివ్ స్పీకర్లు రోజూ వాడేవి’ అని అమ్మడం ఇంకో మోసం. ‘నాట్ వర్త్ ఎ బ్రాస్ ఫార్దింగ్’ తీసుకోండి. ఫార్దింగ్ అనేది బ్రిటన్ పాత నాణెం, పెన్నీలో నాలుగో వంతు, 1960 చివరితో దాని చెలామణీ ఆగిపోయింది. ‘నాట్ వర్త్ ఎ కాంటినెంటల్’ ఇంకా పాతది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం రోజుల్లో, 1775 నుంచి అచ్చువేసిన కాంటినెంటల్ నోట్లు చిల్లిగవ్వకు కూడా కొరగాకుండా పోయాయి, ఆ పదబంధం అప్పటిది. చరిత్రగా చదువుకుంటే ఎంతో బాగుంటుంది, నా క్లాసులో నేనూ చెబుతాను. పరీక్ష గదిలో ఇరవై ఏళ్ల అమ్మాయి నోట వస్తే మాత్రం బట్టీపట్టిందని ఇట్టే తెలిసిపోతుంది. ఇప్పటికీ అందరూ వాడే ‘నాట్ వర్త్ ద పేపర్ ఇట్స్ రిటెన్ ఆన్’, అంటే ఒప్పందం రాసిన కాగితం పాటి కూడా చేయదు అనేది, ఆ ప్యాక్‌లో లేనే లేదు.

‘చీప్’ గురించి ఒక మాట. మన బజారులో ‘చీప్ అండ్ బెస్ట్’ అంటే మెచ్చుకోలే. బయటి దేశాల్లో ఎవరైనా ఇచ్చిన కానుకను ‘చీప్’ అంటే నాసిరకం అన్నట్టు వినిపిస్తుంది. ధర తక్కువ అని మాత్రమే చెప్పాలంటే ‘ఇన్‌ఎక్స్‌పెన్సివ్’ అనడం మేలు. విదేశాలకు వెళ్లే పిల్లలకు ముందు చెప్పాల్సిన ఈ తేడా గురించి ఆ పీడీఎఫ్‌లో ఒక్క ముక్క లేదు.

అసలు ఇడియమ్స్ గుప్పిస్తే బ్యాండ్ పెరుగుతుందన్న ప్రచారమే తప్పు. ఐఈఎల్టీఎస్ స్పీకింగ్‌లో ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అని నాలుగు అంశాలకు సమానంగా మార్కులు. వాటి బ్యాండ్ వివరణలు అధికారిక సైట్లో ఉచితంగా ఉన్నాయి. పదసంపద దగ్గర ఇడియమాటిక్ మాటల ప్రస్తావన ఉంది, నిజమే. కానీ మాట సందర్భానికి అతికిందా లేదా అన్నదీ అక్కడే చూస్తారు. తప్పుగా వాడిన పదబంధం మార్కులు తేదు, పోగొడుతుంది.

ఇక అమ్మే పద్ధతి. డబ్బు కట్టేదాకా ఒక్క పేజీ కూడా చూపించరు. యూపీఐ చెల్లింపు ఏదో వ్యక్తి పేరు మీద వెళ్తుంది, బిల్లు ఇవ్వరు. తప్పులు గుర్తుపెట్టి పంపి డబ్బు వెనక్కి అడిగితే, ‘డిజిటల్ ప్రొడక్ట్, రిఫండ్ ఉండదు’ అని జవాబు. మళ్లీ అడిగినందుకు ప్యాక్ కొన్నవాళ్ల వాట్సాప్ గ్రూపులోంచి మా అక్కను తీసేశారు.

కాబట్టి ఇలాంటివి ఏవి కొనాలన్నా ముందు నాలుగు పేజీల నమూనా అడగండి. ఇవ్వకపోతే అక్కడే ఆగిపోండి. ఇస్తే, అందులో ఏవైనా కొన్ని పదబంధాలను కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్, మెరియమ్ వెబ్‌స్టర్ డిక్షనరీల్లో వెతకండి. మూడూ ఆన్‌లైన్‌లో ఉచితమే. బ్రిటిష్ వాడుకా, అమెరికన్ వాడుకా, పాతబడిందా అన్నది కూడా చాలావాటికి పక్కనే రాసి ఉంటుంది. అసలు ఆ డిక్షనరీలు చేతిలో ఉంటే ఈ ప్యాక్ కొనాల్సిన పనే లేదు.

ఇప్పటికే కొన్నవాళ్లు ప్రకటన స్క్రీన్‌షాట్, చెల్లింపు వివరం, వాళ్లతో జరిగిన చాట్ భద్రంగా దాచుకోండి. తప్పుదోవ పట్టించే ప్రకటనలు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు. మేం 1915లో ఫిర్యాదు నమోదు చేయించాం. మీలో ఎవరైనా ఇదే ప్యాక్ కొని ఉంటే మీరూ చేయండి, రూ.1,499 చిన్న మొత్తమే కదా అని వదిలేయకండి.