వాటికన్ ‘హోమిలెటిక్ డైరెక్టరీ’: ఆదివారం ప్రసంగం రాసేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

2014 జూన్ 29 తేదీతో సిద్ధమై 2015 ఫిబ్రవరిలో బయటికొచ్చిన ఈ పుస్తకం కతోలిక పూజలో ఇచ్చే ప్రసంగం గురించినది. వాటికన్‌లో దైవార్చన వ్యవహారాలు చూసే శాఖ తెచ్చింది, వాటికన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. గురువులకు (ఫాదర్లకు), వారి తర్వాతి హోదాలోని డీకన్లకు ఉద్దేశించిందే అయినా, ప్రసంగం ముసాయిదా చదివి అభిప్రాయం చెప్పేవారి చేతిలో కూడా ఉండాల్సిందే. ఏం రాయాలో ఇది బాగా చెబుతుంది. రాసింది జనానికి ఎలా చేరిందో తెలుసుకునే దారి మాత్రం ఇందులో లేదు, అది మనమే వేసుకోవాలి.

మొదటి భాగంలో అన్నిటికంటే విలువైనది ప్రసంగం ‘ఏది కాదో’ చెప్పిన చోటు. ఆ రోజు పూజలో చదివే బైబిలు పఠనాలతో సంబంధం లేని అంశం మీద ఉపన్యాసం కాదు, వాక్యాన్ని ముక్కముక్కలుగా విడదీసే వ్యాఖ్యానం కాదు, సత్యోపదేశ (మతబోధ) తరగతి కాదు, చెప్పేవారి సొంత అనుభవాల సాక్ష్యమూ కాదు. ముసాయిదా పక్కన ఈ నాలుగూ రాసుకుని, ప్రతి పేరా వీటిలో దేనిలోకి జారిందో పెన్సిలుతో గుర్తు పెడితే సగం దిద్దుబాటు అక్కడే అయిపోతుంది. ఎక్కువగా జారేది మూడోదాంట్లోకి. దానికి ఈ పుస్తకం కూడా కొంత కారణమే. చివర్లోని అనుబంధంలో ఎ, బి, సి అని పిలిచే మూడేళ్ల పఠన చక్రంలోని ఆదివారాలకూ సరిపోయే సత్యోపదేశ గ్రంథ పేరా సంఖ్యలు వరుసగా ఇచ్చారు. వెతుక్కునే పని తప్పుతుంది, నిజమే. కానీ ఒక ఆదివారానికి ఇచ్చిన సంఖ్యలన్నిటినీ ప్రసంగంలో కుక్కితే అది పాఠం అయిపోతుంది. ఒక్కటి తీసుకుని మిగతావి వదిలేయండి.

రెండో భాగం పాస్కా (ఈస్టర్) త్రిదినాలతో మొదలై, ఈస్టరుకు ముందరి తపస్కాలం, క్రిస్మస్‌కు ముందరి ఆగమన కాలం, క్రిస్మస్ కాలం మీదుగా నడుస్తుంది. తపస్కాలం ఆదివారాల మీద రాసింది చాలా గట్టిగా ఉంది. ఏడాదిలో ఎక్కువ వారాలు తీసుకునే సామాన్య కాలానికి మాత్రం కొద్ది పేజీలే దక్కాయి. వారం వారం ఏం చెప్పాలా అని తల పట్టుకునేది అక్కడే కదా!

నిడివి సంగతికొస్తే, 2024 జూన్ 12న ఫ్రాన్సిస్ పోపు గారు ఎనిమిది నిమిషాలు దాటొద్దన్నారు. గదిలో మనసులో చదువుకుని గడియారం చూస్తే మోసపోతాం. గుడిలో మైకు ప్రతిధ్వనికి ఆగాలి, తల ఎత్తి చూడాలి, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి తీసుకోవాలి. నిలబడి, అదే గొంతుతో పైకి చదివి కొలవండి. నిమిషం ఎక్కువైతే వేగం పెంచకండి, ఒక ఉదాహరణ కొట్టేయండి.

ఇక పుస్తకం వదిలేసిన సగం. పూజ అయ్యాక గుమ్మం దగ్గర వినిపించే “ప్రసంగం బాగుంది ఫాదర్” మర్యాద మాటే, దాన్ని లెక్కలో వేసుకోకూడదు. ఐదుగురిని ఎంచుకోండి: ఒక యువకుడో యువతో, ఒక పెద్దావిడ, సత్యోపదేశం చెప్పే ఒకరు, వినికిడి తగ్గిన ఒకరు, ఎప్పుడో గాని గుడికి రాని ఒకరు. మార్కులు వేయమనకండి. పేరు రాయనక్కర్లేని కాగితం మీద నాలుగు ప్రశ్నలు చాలు. ప్రసంగం దేని గురించో ఒక్క వాక్యంలో రాయండి. ఏ మాట దగ్గర ధ్యాస తప్పింది? పఠనాల్లోని ఏ మాట గుర్తుంది? ఎక్కడ ముగిసిపోయిందనుకున్నారు? మర్నాడు సాయంత్రంలోగా తిరిగి ఇమ్మనండి. వారం దాటితే కథ తప్ప ఇంకేమీ గుర్తుండదు.

ఆ కాగితాలు చదవడంలోనే కిటుకంతా ఉంది. మొదటి ప్రశ్నకు ఐదుగురూ ఐదు వేర్వేరు జవాబులు రాస్తే లోపం వినేవారిది కాదు, ప్రసంగంలో రెండు మూడు విషయాలు పోటీ పడ్డాయన్నమాట. అందరికీ జోకు గుర్తుండి సువిశేషం (సువార్త) గుర్తు లేకపోతే, వచ్చేసారి జోకు పోవాలి. ముగ్గురు ఒకే చోట ధ్యాస తప్పామంటే ఆ పేరా తిరగరాయాలి, ఒక్కరే అంటే మరో రెండు ఆదివారాలు చూడొచ్చు. నాలుగో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గాని, “చివరిగా” అని మూడుసార్లు అనే అలవాటును పట్టించేది అదే.

అభిప్రాయం తీసుకునేటప్పుడు వివరణ ఇవ్వడం మొదలుపెడితే రెండోసారి ఎవరూ నిజం రాయరు. అడగాల్సింది ఒకటే, “ఏ మాట విన్నప్పుడు అలా అనిపించింది?” సిద్ధాంతపరమైన సందేహం వస్తే దాన్ని ఈ ఐదుగురి మీద పెట్టకుండా తోటి గురువుతో చూపించుకోవాలి. గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో విన్నదేదీ, ఊరూ పేరూ మార్చినా సరే, ఉదాహరణగా ముసాయిదాలోకే రాకూడదు. దీనికి ఎవరి అభిప్రాయమూ అక్కర్లేదు.

ఇంతకంటే మేలైన పద్ధతి ఆదివారానికి ముందే అభిప్రాయం అడగడం. 1982లో అమెరికా బిషప్పుల కమిటీ ఒకటి ప్రసంగం మీద తెచ్చిన పత్రం, విచారణ (పారిష్) వారిలో కొందరితో కలిసి పఠనాలు చదివి సిద్ధపడమంటుంది. వారం మొదట్లో ఓ గంట కూర్చుంటే సరిపోతుంది. కమిటీ కలిసి ప్రసంగం రాయడం కాదు, ఆ వాక్యం వాళ్లకెలా వినిపిస్తోందో గురువు వినడం. రాసే చేయి ఒక్కటే ఉండాలి.

డైరెక్టరీ కొనక్కర్లేదు కాబట్టి ధర గొడవ లేదు. మొదటి భాగం, తపస్కాలం, అనుబంధం అచ్చు తీసి పెట్టుకుంటే చాలు. నింపిన కాగితాలను ఆ ఆదివారం పేరు, ఎ, బి, సిలలో ఏ ఏడాదో రాసి అదే ఫైలులో దాచండి. మూడేళ్లకు అవే పఠనాలు మళ్లీ వస్తాయి.