పెల్లెట్ స్టవ్‌కి బ్యాటరీ బ్యాకప్: కొన్ని చలికాలాలు వాడాక నా మాట

పెల్లెట్ స్టవ్, అంటే రంపపు పొట్టును నొక్కి చేసిన చిన్న గుళికలను (పెల్లెట్లను) కాల్చి గదిని వెచ్చబరిచే పొయ్యి, ఉన్న ఇంట్లో కరెంటు పోతే చలికన్నా ముందు పట్టించుకోవాల్సింది పొగ. హాపర్ (పెల్లెట్లు పోసి ఉంచే తొట్టి) లోంచి వాటిని లోపలికి నెట్టే ఆగర్ మోటారు, పొగను గొట్టంలోకి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్, వేడిని గదిలోకి ఊదే బ్లోయర్, వీటిని నడిపించే కంట్రోల్ బోర్డు, అన్నీ కరెంటుతోనే పనిచేస్తాయి. కరెంటు పోగానే కొత్త పెల్లెట్లు పడటం ఆగిపోతుంది గానీ, మంట మండే గిన్నెలో అప్పటికే ఉన్నవి కాలుతూనే ఉంటాయి. ఆ పొగను లాగాల్సిన ఫ్యాన్ మాత్రం తిరగదు. గొట్టం నిటారుగా కొంత ఎత్తు లేచి ఉంటే పొగ చాలావరకు దానంతటదే పైకి పోతుంది. గోడలోంచి అడ్డంగా బయటికి తీసిన గొట్టమైతే గదిలోకి వచ్చే అవకాశం ఎక్కువ. మా ఇంట్లోది ఈ రెండో రకం. బ్యాకప్ కోసం నేను ఇంత పట్టుదలగా తిరగడానికి కారణం అదే.

మొదట్లో కంప్యూటర్‌కి వాడే చిన్న యూపీఎస్‌తో నడిపాను. అలాంటివాటిలో సాధారణంగా 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉంటుంది, అంటే లెక్కకు 84 వాట్-అవర్లు. మా స్టవ్ సన్న మంట మీద 100 వాట్ల దాకా తీసుకుంటుంది కాబట్టి అరగంట నిలవడం కూడా కష్టమే. అయినా దాన్ని తీసిపారేయను. కరెంటు పోయిన వెంటనే స్టవ్ ఆఫ్ నొక్కితే, గిన్నెలో మంట తగ్గేదాకా ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగడానికి ఆ కాసేపు చాలా విలువైనది. కోతలు అరుదుగా వచ్చేవాళ్లకి ఇదే సరిపోతుందని నా అభిప్రాయం.

గంటల తరబడి కరెంటు పోయే చోట అది చాలదు. ఇప్పుడు నేను వాడుతున్నది 12.8 వోల్టుల 100 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, దానికి 1000 వాట్ల ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్, అంటే లైను కరెంటులాగే నున్నటి అలలా కరెంటునిచ్చేది. ఛార్జర్ అందులోనే ఉంది. బ్యాటరీలో 1280 వాట్-అవర్లు. అడుగున కొంత వదిలేసి, ఇన్వర్టర్ తినేది తీసేస్తే, సన్న మంట మీద తొమ్మిది గంటలు ధైర్యంగా లెక్కేసుకోవచ్చు. దీనికి ముందున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ కూడా 100 ఆంపియర్-అవరే. కానీ సగానికి మించి దించితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది కాబట్టి ఐదు గంటల దగ్గరే ఆపేసేవాళ్లం. చలికి దాని కెపాసిటీ ఇంకా పడిపోయేది.

అయితే ఇన్ని చలికాలాల తర్వాత నేను గట్టిగా చెప్పేది బ్యాటరీ సైజు గురించి కాదు, ఛేంజోవర్ గురించి. కరెంటు పోయిన క్షణానికీ ఇన్వర్టర్ అందుకున్న క్షణానికీ మధ్య ఖాళీ ఎక్కువైతే, స్టవ్ బోర్డు దాన్ని పవర్ కట్‌గానే లెక్కేస్తుంది. మంట ఆర్పేసి, చల్లారేదాకా ఆగి, మళ్లీ మొదటినుంచి వెలిగించుకుంటుంది. వెలిగించే ఇగ్నైటర్ ఆ కొద్ది నిమిషాలూ 400 వాట్ల దాకా లాగుతుంది. కోత వచ్చి పోతూ ఉండే రాత్రి ఇలా రెండు మూడుసార్లు జరిగితే, ఇల్లు వెచ్చబడకుండానే బ్యాటరీ దిగిపోతుంది. ఇప్పుడున్న ఇన్వర్టర్ 20 మిల్లీసెకన్ల లోపే మారిపోతుంది. రిలే (కరెంటు దారి మార్చే స్విచ్చు) టక్‌మంటుంది, బల్బులు ఆరిపోతాయి, స్టవ్ అద్దం వెనక మంట మాత్రం కదలదు. బ్లోయర్ చప్పుడులో కూడా తేడా ఉండదు. కొనేటప్పుడు వాట్లతో పాటు ఈ అంకె తప్పకుండా అడగండి.

ప్యూర్ సైన్‌వేవ్ కావాలా అని చాలామంది అడుగుతుంటారు. కావాలి. అల నున్నగా కాకుండా మెట్లుమెట్లుగా వచ్చే మాడిఫైడ్ సైన్‌వేవ్ మీద మా ఎగ్జాస్ట్ ఫ్యాన్ గుర్రుమని మూలిగేది, మోటారు వేడెక్కేది. మంట చురుకుదనం పోయి నారింజ రంగులో బద్ధకంగా ఊగేది, అద్దం పైఅంచు మసిబారేది. గాలి సరిగా లాగడం లేదనడానికి ఆ మసే గుర్తు.

వైరింగ్ దగ్గర కక్కుర్తి పడొద్దు. 12 వోల్టుల మీద 400 వాట్లంటే, ఇన్వర్టర్ తినేది కూడా కలిపితే, 35 ఆంపియర్లకు పైనే. మందపాటి కేబుల్ పొట్టిగా వేసి, బ్యాటరీ ప్లస్‌కి దగ్గర్లోనే ఫ్యూజు పెట్టించండి. ఈ రకం లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు, అందుకే మాది గ్యారేజీలో కాకుండా ఇంట్లోనే, స్టవ్ సెగ తగలనంత దూరంలో ఉంది. పొగతో వచ్చే, వాసన తెలియని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టే, బ్యాటరీతో పనిచేసే అలారం లేకుండా ఈ ఏర్పాటంతా అసంపూర్ణం. జనరేటర్ ఉన్నా దాన్ని ఇంటికి దూరంగా, ఆరుబయటే నడపాలి. నేనైతే స్టవ్‌ని నేరుగా దానికి తగిలించను. వేరే ఛార్జర్‌తో బ్యాటరీని నింపుకుంటాను, స్టవ్ ఇన్వర్టర్ మీదే నడుస్తుంది.

నచ్చనిది ఒకటుంది. ఇన్వర్టర్ మీద బ్యాటరీ ఎంత మిగిలిందో చూపించే గీతలు ఎందుకూ పనికిరావు. ఈ బ్యాటరీ వోల్టేజీ దాదాపు చివరిదాకా పెద్దగా తగ్గదు, కాబట్టి గీతలు నిండుగానే కనిపిస్తూ ఒక్కసారిగా పడిపోతాయి. వచ్చే, పోయే కరెంటును లెక్కగట్టే షంట్ మీటర్ విడిగా పెట్టించాను. ఇప్పుడు ఎన్ని ఆంపియర్-అవర్లు మిగిలాయో చూసి, 20 దగ్గరికి రాగానే స్టవ్ ఆఫ్ చేస్తాను. ఫ్యాన్ చివరిదాకా తిరిగి ఆగడానికి అది హాయిగా సరిపోతుంది.