పాత హెడన్ వెదురు రాడ్: ఫెర్రూల్ కదిలాక రాస్తున్న సమీక్ష

పాత వెదురు ఫ్లై రాడ్ (పురుగులా చేసిన ఎరతో, అంటే ఫ్లైతో, చేపలు పట్టే గేలపు కర్ర) కొనేటప్పుడు అందరూ వెదురునే చూస్తారు. వంకర పోయిందా, బద్దలు విడిపోయాయా, వార్నిష్ మెరుస్తోందా అని. నేనైతే ఫెర్రూల్‌ని చూడమంటాను, అంటే రాడ్ ముక్కల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి కలిపే ఆ లోహపు గొట్టాన్ని. దాన్ని వెదురుకి ఏ జిగురుతో అతికించారో అడగమంటాను. కొన్నేళ్లుగా హెడన్ కంపెనీ చేసిన తొమ్మిదడుగుల రాడ్ ఒకటి వాడుతున్నాక నా మనసుకి బాగా పట్టిన విషయం ఇదే.

నాకు అది 'పూర్తిగా రిస్టోర్ చేసినది' అన్న పేరుతో వచ్చింది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. కొత్త దారం చుట్లు, అద్దంలాంటి పూత. ఆ పూత వేసే ముందు గరుకు కాగితంతో గట్టిగా రుద్దేశారని, అసలు రాతలు సగం పోయాయని తర్వాత తెలిసింది. మోడల్ నంబర్ ఎక్కడా కనిపించలేదు. పిడి పైన పక్క నుంచి టార్చి వేసి చూస్తే మాత్రం 'హెచ్‌డీహెచ్' అనే మూడు అక్షరాలు దొరికాయి.

ఆ మూడే చాలా చెప్పాయి. అప్పట్లో ఫ్లై లైన్‌ని, అంటే ఎరని విసిరే దారాన్ని, మందాన్ని బట్టి అక్షరాలతో పిలిచేవారు. హెచ్ అంటే 0.025 అంగుళం, డి అంటే 0.045. అంటే ఇది రెండు కొసలూ సన్నగా, నడుమ లావుగా ఉండే పట్టు లైన్ కోసం చేసిన రాడ్. 1961లో ఈ అక్షరాలు పోయి, మొదటి 30 అడుగుల బరువుని బట్టి అంకెలు వచ్చాయి. ఆ లెక్కన ఇది సుమారుగా 6వ నంబరు లైన్ కింద వస్తుంది. అమ్మిన మనిషి నాకు చెప్పింది 5. 5తో రాడ్ నిద్రపోతున్నట్టే ఉండేది. 6వ నంబరు డబుల్ టేపర్ (అలా రెండు కొసలూ సన్నగా ఉండే లైన్) వేశాక పిడి దాకా వంగి, తనే లైన్‌ని ముందుకి తీసుకెళ్లింది. ఆ అక్షరాలు కూడా చెరిగిపోయి ఉంటే ఈ రాడ్ ఇంతే అనుకుని అమ్మేసేవాణ్ణి.

హెడన్ కంపెనీ ఊరు డోవాజాక్ అమెరికాలో మేముండే మిషిగన్ రాష్ట్రంలోనే, నైరుతి మూలన ఉంది. పాత ఫ్యాక్టరీ భవనంలోనే మ్యూజియం పెట్టారు. కంపెనీ మొదలుపెట్టిన జేమ్స్ హెడన్ అంతకుముందు తేనెటీగల పెంపకంలో పేరున్నవాడు. వెదురు చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చేది, దాన్నే టోంకిన్ అంటారు. 1950లో అమెరికా చైనాతో వ్యాపారం ఆపేసింది, మరోవైపు ఫైబర్‌గ్లాస్ వచ్చింది. ఆ దశాబ్దం మధ్యకల్లా హెడన్ వెదురు రాడ్లు మానేసింది. కాబట్టి నాది ఎంత లేదన్నా అంతకుముందుదే. ఆరు త్రికోణపు బద్దల్ని అతికించి చేసిన షట్కోణం ఇది. మన మేదరివాళ్లు బుట్ట అల్లేటప్పుడు లోపలి మెత్తదనం తీసేసి పై బద్ద వాడుకున్నట్టే ఇక్కడా బలమంతా బెరడు పక్కన ఉన్న పీచులోనే.

ఇక అసలు సంగతి. జూన్ చివర్లో గ్రేలింగ్ ఊరి దగ్గర ఓసాబుల్ నది మీద హెక్స్ అనే పెద్ద మేఫ్లై పురుగులు రాత్రిపూట పైకి లేస్తాయి. పెద్ద బ్రౌన్ ట్రౌట్ చేపలు వాటి కోసం బయటికొచ్చేది అప్పుడే, ఏడాదంతా ఎదురుచూసేది ఆ కొద్ది రాత్రుల కోసమే. చీకట్లో లైన్ వెనక్కి వేసినప్పుడల్లా అరచేతిలో 'టిక్' అని తగలడం మొదలైంది. మోకాళ్లు దాటిన నీళ్లలో నిలబడి, కింది ఫెర్రూల్‌ని వేళ్లతో పట్టుకుని తిప్పితే వెదురు మీద అది మెల్లిగా తిరుగుతోంది. అలాగే వేస్తూ పోతే గొట్టం అంచు దగ్గర వెదురు విరుగుతుంది. రాడ్ విప్పేసి ఒడ్డుకొచ్చేశాను. అవతల చేప నీళ్లు చప్పరిస్తున్న శబ్దం వినిపిస్తూనే ఉంది. ఆ రాత్రి నాకొచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు.

ఇంటికొచ్చి భూతద్దంతో చూశాను. ఫెర్రూల్‌కి అడ్డంగా సన్నని లోహపు పిన్ ఉండాలి. ఆ చిల్లులో పిన్ లేదు, గట్టిపడిన ఎపాక్సీ ఉంది, అంటే ఒకసారి గట్టిపడ్డాక వేడికి మళ్లీ కరగని జిగురు. స్పిరిట్ దీపం మీద కొద్దికొద్దిగా వేడి చేస్తూ, తిప్పుతూ, మళ్లీ చల్లారనిస్తూ లాగాను. ఎక్కువ వేడి పెట్టడానికి భయం. ఆ కాలం రాడ్లలో బద్దల్ని ఎక్కువగా అతికించింది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జిగురుతో. ఫెర్రూల్ ఊడేలోపు బద్దలే విడిపోతాయేమోనని టెన్షన్. చివరికి ఊడింది. లోపల వెదురుని అవసరానికి మించి అరగదీసి, మిగిలిన ఖాళీనంతా ఎపాక్సీతో నింపేశారు. అది పెళుసెక్కి, పెంకుల్లా రాలింది. మిగిలినదాన్ని బ్లేడుతో గీకడానికే వారాంతాలు పట్టాయి. సన్నబడిన చోట పట్టుదారం చుట్టి, జిగురు పట్టించి, కొలత సరిపోయేదాకా అంచెలంచెలుగా లావు పెంచాను. తర్వాత వేడికి కరిగే ఫెర్రూల్ సిమెంట్‌తో మళ్లీ ఎక్కించి, కొత్త పిన్ కొట్టాను.

ఆశ్చర్యపోయింది మాత్రం ఆ తర్వాతే. రెండో టిప్ (రాడ్‌తో పాటు వచ్చిన అదనపు కొస ముక్క) మీద ఉన్న ఫెర్రూల్ కూడా కాస్త వదులుగా అనిపించింది. దాన్ని రిస్టోర్ చేసినవాళ్లు ముట్టుకోలేదు. పిన్ అసలుదే, నికెల్ సిల్వర్‌లో కలిసిపోయి దాదాపు కనపడదు. దాన్ని బయటికి నెట్టి దీపం మీద కాసేపు తిప్పానో లేదో, పాత సిమెంట్ మెత్తబడి గొట్టం చేతిలోకి వచ్చేసింది. వెదురు శుభ్రంగా, పూర్తి మందంతో ఉంది. తుడిచి, కొత్త సిమెంట్ రాసి ఎక్కించేసరికి టీ చల్లారలేదు. డెబ్బై ఏళ్ల కిందట డోవాజాక్‌లో కూర్చుని ఎవరో, రేపు ఇంకెవరో దీన్ని విప్పాల్సి వస్తుందని ఆలోచించి పని చేశారు. ఆ తెలియని పనివాడి మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

ఇప్పుడు ముక్కలు కలిపితే చివర్లో గాలి నొక్కుకుపోయి గట్టిగా దిగుతాయి, లాగితే 'టప్'మని వస్తాయి. తిప్పి లాగకూడదు, తిన్నగా లాగాలి. లోపలి భాగాన్ని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే చాలు. గరుకు కాగితం జోలికి మాత్రం వెళ్లొద్దు.

ఈ రాడ్ రోజంతా హాయిగా వేసుకోవచ్చని మా స్నేహితులకి మొదట్లో చెప్పేవాణ్ణి. ఇప్పుడు సాయంత్రం పూట హాయిగా వేసుకోవచ్చని చెప్తున్నాను. ఇప్పటి గ్రాఫైట్ రాడ్‌తో పోలిస్తే తొమ్మిదడుగుల వెదురు బరువే, మధ్యాహ్నానికి మణికట్టు లాగుతుంది. ఎదురుగాలిలో నేను దీన్ని తియ్యను. ఓసాబుల్ నది మీద బర్టన్స్ లాండింగ్ అనే రేవుకి దిగువన, ఫ్లైలు మాత్రమే వాడనిచ్చే ఆ నెమ్మది నీళ్లలో, దగ్గరగా మెల్లిగా వేసేటప్పుడు దీనికి సాటి నా దగ్గర ఇంకోటి లేదు.

నాకు ఇంట్లో బేస్‌మెంట్ ఉంది, చలికాలం పొడవునా ఇలాంటి పనులకి తీరిక ఉంది, నదికి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరతాను. అపార్ట్‌మెంట్‌లో ఉండి, ఏడాదికి ఒకసారి సెలవు పెట్టి వెళ్లేవాళ్లకి దీన్ని కొనమని చెప్పలేను. కొనాలనే ఉంటే, రిస్టోర్ చేసినదాని కన్నా వార్నిష్ పగిలి, దారాలు ఊడి, ఎవరూ ముట్టుకోనిది వెతుక్కోండి. రిస్టోర్ చేసిందే దొరికితే ఫెర్రూల్‌కి ఏ జిగురు వాడారని అడగండి. ఎపాక్సీ అన్నా, తెలియదన్నా, ఆ ఫెర్రూళ్లన్నీ మళ్లీ తీసి ఎక్కించే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.