ఫరహాబాద్ సఫారీ: ఎండల్లోనా, వానలు తగ్గాకా?

తెలంగాణలో నల్లమల అడవిలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ చూడాలంటే మన్ననూరు దగ్గర ఫరహాబాద్ గేటు నుంచి సఫారీ ఉంది. ఎప్పుడు వెళ్లాలన్నదే తేలదు.

జంతువుల కోసమైతే ఏప్రిల్, మే. నల్లమల ఆకురాల్చే అడవి కాబట్టి అప్పటికి చెట్లన్నీ మోడులై, చూపు దూరం దాకా పోతుంది. వాగులు ఎండిపోతే దుప్పులు, కణుజులు, అడవిపందులు నీళ్లున్న చోటికే రావాలి. అటవీశాఖ వాళ్లు సాసర్ పిట్లలో (జంతువులు తాగడానికి నేలలో పళ్లెంలా కట్టిన తొట్లు) ట్యాంకర్లతో నీళ్లు పోయిస్తారు. పొద్దున్నే వాటి దగ్గర కాసేపు మాట్లాడకుండా ఆగితే చాలు. ఎలుగుబంటి కనిపిస్తే అదృష్టమే. పులి మాత్రం 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అడవిలో మనకోసం ఎదురుచూడదు! పైగా మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తుంది.

వానలప్పుడు, జూలై నుంచి సెప్టెంబర్ దాకా, సఫారీ మూసేస్తారు. అక్టోబర్‌లో వెళ్తే వ్యూపాయింట్ నుంచి లోయంతా పచ్చగా ఉంటుంది, మల్లెలతీర్థం జలపాతంలో నీళ్లూ ఉంటాయి. కానీ గడ్డి ఏపుగా పెరిగి, పక్కనే దుప్పి ఉన్నా తెలియదు.

పిల్లలతో అయితే నేను అక్టోబరే అంటాను. కెమెరా పట్టుకుని ఒక్కడినే వెళ్తే మాత్రం ఎండలకే నా ఓటు. ఎప్పుడెళ్లినా రాత్రి తొమ్మిదిలోపు చెక్‌పోస్ట్ దాటండి, ఆ తర్వాత శ్రీశైలం రోడ్డు మూసేస్తారు.