పాతకాలపు ఇంగ్లండు మందుల జాడీ నకలు: ఆకారం ఒప్పు, పేరు తప్పు

కడపలో 26 ఏళ్లుగా మందుల దుకాణం నడుపుతున్న నాకు, మాత్రలు రేకుల్లోకీ ద్రవాలు ప్లాస్టిక్ సీసాల్లోకీ మారకముందు మందులను ఎటువంటి పాత్రల్లో దాచేవారో తెలుసుకోవాలన్న ఆసక్తి చాలాకాలంగా ఉంది. అందుకే ఊళ్లోని ఒక అలంకరణ వస్తువుల దుకాణంలో ఇంగ్లండులో పూర్వం వాడిన నీలం, తెలుపు రంగుల మందుల జాడీకి నకలు కనబడగానే 2,850 రూపాయలిచ్చి తెచ్చుకున్నాను.

ఆకారం విషయంలో తయారీదారు చూపిన శ్రద్ధ మెచ్చుకోదగినది. జానెడు ఎత్తు, గుండ్రని పొట్ట, పీఠంలాంటి పాదం, ఒక పక్క పిడి, మరో పక్క మన కొమ్ముచెంబుకు ఉన్నట్టే కొమ్ము. మూతి అంచు బయటికి తిరిగి ఉంది. ఊరగాయ జాడీకి మనం గుడ్డతో వాసెన కట్టినట్టే, ఆనాటివారు మూతికి తోలుకాగితం కప్పి దారంతో బిగించేవారు. ఆ దారం జారకుండా ఆపేది ఈ అంచే. నేను చూసిన ఇతర నకళ్లలో ఈ అంచు మొద్దుగా ఉంది.

అసలు జాడీలు పింగాణీవి కావు. మామూలు మట్టిపాత్రకు తగరపు ఆక్సైడు కలిపిన సీసపు మెరుగును పూసి, పాలలాంటి తెలుపు తెప్పించేవారు. 1567లో ఆంట్వెర్ప్ నుంచి నారిచ్‌కు వలస వచ్చిన కుమ్మరులు యాస్పర్ ఆండ్రీస్, యాకబ్ యాన్సెన్ ఈ విద్యను ఇంగ్లండుకు తెచ్చినవారిలో ముఖ్యులు. తరువాత లండన్, బ్రిస్టల్, లివర్‌పూల్‌లలో బట్టీలు వెలిశాయి. పూత ఆరి పొడిగా ఉన్నప్పుడే, కాల్చకముందే, కోబాల్ట్ నీలంతో బొమ్మ వేయాలి. ఆ పూత రంగును వెంటనే పీల్చుకుంటుంది కనుక తప్పిన గీతను తుడిచే వీలుండదు. అసలు జాడీల మీది దేవదూతల ముఖాల్లో నాకు ఎంతో ఇష్టమైన ఆ కుంచె వేగం అందువల్ల వచ్చినదే. నా జాడీ మీది బొమ్మ అచ్చు వేసి అతికించినది, భూతద్దంలో చుక్కలు కనబడతాయి. ఈ ధరకు చేతిపని ఆశించలేము కనుక దాన్ని లోపంగా లెక్కించను.

రెక్కలు చాచిన దేవదూత, దాని కింద పేరు పట్టీ, పట్టీ చివరల కుచ్చులు, వేలాడే పూలదండలు 17వ శతాబ్దపు రెండో సగం నాటి తీరును చక్కగా పట్టుకున్నాయి. 18వ శతాబ్దంలో పండ్లబుట్టకు అటూ ఇటూ పక్షులు కూడా వచ్చాయి. 1617లో మొదటి జేమ్స్ రాజు శాసనంతో పచారీ వర్తకుల సంఘం నుంచి విడిపోయిన లండన్ ఔషధ విక్రేతలకు, ఘోరసర్పాన్ని సంహరించే గ్రీకు దేవుడు అపోలో చిహ్నమయ్యాడు. ఆ బొమ్మ మాత్రలు చేసే పలకల మీద కనబడుతుంది.

నా అసంతృప్తి అంతా ఆ పట్టీ మీది మాట గురించే. అక్కడ ‘పిల్యులే’ అని లాటిన్‌లో ఉంది, అంటే మాత్రలు. కొమ్మున్న జాడీ పానకాలకూ తైలాలకూ ఉద్దేశించినది. పానకమైతే ‘సిరపస్’, తైలమైతే ‘ఓలియమ్’ అన్న మాటను కురచ చేసి రాసేవారు. లేహ్యాలకూ లేపనాలకూ కొమ్ము లేని జాడీలు వేరే ఉండేవి. మాత్రలను కొమ్ములోంచి వంచేవారెవరూ ఉండరు. దేవదూత రెక్కలూ, కుచ్చులూ, దండలూ చూపును నేరుగా ఆ పేరు మీదికే తీసుకువెళతాయి. ఆ పేరే తప్పయినప్పుడు అంత అలంకారమూ తప్పుకే కాపలా కాసినట్టయింది. ఈ మాట చెబితే, “షోకేసులో పెట్టుకునేదానికే కదా సార్, ఆ పేరు ఎవరు చదువుతారు?” అన్నారు దుకాణంలో. ఒకే రకంగా కనబడే సీసాల మధ్య పేరు చదివి మందు ఇవ్వడమే వృత్తిగా బతికినవాణ్ణి కనుక ఆ జవాబు నన్ను బాధించింది.

కొమ్ము ఉత్తుత్తిది కాదు, నీళ్లు పోసి వంచితే ధార సన్నగా, పక్కలకు కారకుండా వస్తుంది. అయితే మెరుగులో సీసం ఉందో లేదో పెట్టె మీద రాయలేదు, కనుక ఇందులో తినే పదార్థాలు పోయకూడదు. అదే దుకాణంలో 1,900 రూపాయలకు కొమ్ము లేని నిలువు జాడీ ఒకటి ఉంది. దాని మీద ‘ఉంగ్వెంటమ్’, అంటే లేపనం, అని సరిగ్గా రాసి ఉంది; కొనదలచినవారు దాన్ని తీసుకోవచ్చు.