గైదార్, లార్: 1992లో రెండు దారులు

సోవియట్ యూనియన్ కూలిన మరుసటి ఏడాదే రష్యా సంస్కరణల భారం యెగోర్ గైదార్ మీద, ఎస్టోనియా భారం మార్ట్ లార్ మీద పడింది. ఇద్దరూ నలభై దాటనివాళ్లే.

గైదార్ జనవరి 2న చాలా సరుకుల ధరల మీద నియంత్రణ ఎత్తేశారు. దుకాణాల్లోకి సరుకు వచ్చింది, కొనేందుకు జనం దగ్గర డబ్బు లేదు. ఆ ఏడాది ధరలు దాదాపు 26 రెట్లయ్యాయి. జీవితమంతా దాచుకున్నది ఆవిరైంది. మాస్కోలో ముసలివాళ్లు రోడ్డు పక్కన వరసగా నిలబడి ఇంట్లో సామాన్లు అమ్ముకున్నారు. తప్పంతా గైదార్‌దే అనడం మాత్రం అన్యాయం. కేంద్ర బ్యాంకు పార్లమెంటు చెప్పుచేతల్లో ఉండేది, దివాళా తీసిన ఫ్యాక్టరీలకు అప్పులు గుమ్మరించింది. డిసెంబరులో ఆయన తాత్కాలిక ప్రధాని పదవే పోయింది.

లార్ అక్టోబరులో ప్రధాని అయ్యేసరికే ఎస్టోనియా రూబుల్‌ను వదిలేసి సొంత కరెన్సీ క్రోన్ తెచ్చుకుంది. 8 క్రోన్లకు ఒక జర్మన్ మార్క్ అని విలువ కట్టేసింది. విదేశీ కరెన్సీ నిల్వ లేకుండా కొత్త నోటు వేయడానికి వీలుండేది కాదు. లార్ ఆ కట్టుబాటును సడలనివ్వలేదు. 1994లో అందరికీ ఒకటే 26 శాతం ఆదాయపన్ను పెట్టారు.

15 లక్షల జనాభాను 15 కోట్లతో పోల్చడం కష్టమే. అయినా నా ఓటు లార్‌కే, ఎందుకంటే నోటు విలువ నిలబడితేనే పెన్షన్ మీద బతికేవాళ్లకు ఊపిరాడుతుంది. 1994లో అవిశ్వాసంతో ఆయనా దిగిపోయారు, 1999లో మళ్లీ ప్రధాని అయ్యారు. గైదార్‌కు ఆ పదవి మళ్లీ దక్కలేదు.